తరంగంబాడి కట్టడములు

కావేరి పాయలు సముద్రమున కలియు ప్రాంతమున, కారైకాలునకు ఉత్తరముగా, బంగాళాఖాతపు తీరమున తరంగంబాడి యను చిన్న పట్టణము కలదు. ఇది తమిళనాడున మయిలాడుతురై జిల్లాలోనిది. పట్టణమన్న పేరే గాని ఇచట పెద్ద బజారులు లేవు. రైలు లేదు, మయిలాడుతురై నుండి ఒకప్పుడు వచ్చుచుండిన రైలుమార్గము 1986లో మూతపడినది. బస్సు దిగి తూర్పుగా నడచినచో, తెల్లని సున్నము పూసిన నగరద్వార మొకటి ఎదురగును. ఇప్పటి ద్వారము 1792లో కట్టినది. దానిపై డెన్మార్కు రాజచిహ్నము చెక్కబడి యున్నది. ద్వారము దాటగనే సూటియైన వీథి. దానికి రాజవీథి యని పేరు. ఆ వీథివెంట కొద్ది నిమిషములు నడచినంతలో సముద్రపు హోరు చెవిని పడును.

తరంగంబాడి యనగా అలలు పాడు చోటని అచటివారు మురిపెముగా చెప్పుకొందురు. 14వ శతాబ్దపు శాసనమున ఈ యూరిపేరు సడంగన్‌పాడి యని యున్నది. సడంగన్‌పాడి తరంగంబాడి యైనది. తరంగంబాడి విదేశీయుల నోట ట్రాంకెబార్ అయినది. పేరే ఇన్నిమారులు మారిన ఊరిలో కట్టడముల పని మారుటలో వింత లేదు. అయినను ఒక్కొక్క కట్టడము ఎట్లు మారినదో విచారించినచో అందొక చరిత్ర కానవచ్చును. కొంత చింతయు కలుగును.

ఊరిలోని కట్టడములలో మిక్కిలి ప్రాచీనమైనది కోట కాదు, మాసిలామణినాథస్వామి ఆలయము. 14వ శతాబ్ద్యారంభమున మారవర్మ కులశేఖర పాండ్యుని కాలమున అది వెలసినది. సముద్రమున కెదురుగా నిలిచిన ఆ గుడి ముందుభాగమును అలలు కొంచెము కొంచెముగా కోసికొనిపోయినవి. దానిని కట్టిన శిల్పి సముద్రము ఇంత దగ్గరకు వచ్చునని తలచి యుండడు.

ఇక కోట కథ. దీనికి మన తెలుగువారితో సంబంధము కలదు. 17వ శతాబ్దారంభమున తంజావూరు రాజ్యమును రఘునాథనాయకుడు పాలించుచుండెను. అతడు తెలుగున రామాయణమును, వాల్మీకిచరిత్రమును రచించిన కవి, సంగీతమున ప్రవీణుడు. విజయవిలాసమును రచించిన చేమకూర వేంకటకవి అతని యాస్థానమున నుండినవాడే. రామభద్రాంబ, మధురవాణి మున్నగు విదుషీమణులు కూడ ఆ సభను అలంకరించిరి. కావ్యగోష్ఠులతో ప్రొద్దుపుచ్చు ఆ రాజు సభలోనికి ఒకనాడు ఓడ మునిగి, బట్టలు చినిగి, ప్రాణములు మాత్రము దక్కించుకొన్న కొందరు పరదేశీయులను భటులు తీసికొని వచ్చిరి. వారి నాయకుని పేరు రోలండ్ క్రాపే.

డెన్మార్కు రాజగు నాలుగవ క్రిస్టియన్ 1616లో తూర్పుదేశముల వర్తకమునకై ఒక సంఘమును స్థాపించెను. ఆ సంఘము 1618లో ఓవే గెద్దే యను యువకుని నాయకత్వమున ఓడలను సింహళమునకు పంపెను. క్రాపే వానికి ముందుగా వచ్చిన ఓడలోనివాడు. కారైకాలు చేరువను పోర్చుగీసువారు అతని ఓడను ముంచివేసి, నావికులను పలువురను చంపిరి, కొందరను చెరపట్టిరి. క్రాపేయు మరి పదుముగ్గురును ఈది ఒడ్డు చేరిరి. రఘునాథుడు వారిని శిక్షింపలేదు. పోర్చుగీసువా రొక్కరే తీరమున వర్తకము చేయుటకంటె వారికి పోటీగా మరియొకరుండుట తన రాజ్యమునకు లాభమని అతడు గ్రహించియుండును. తుదకు 1620 నవంబరులో ఒడంబడిక కుదిరెను. దానివలన డేనులకు తరంగంబాడియందు నివసించుటకును, వర్తకము చేయుటకును, ఒక రాతియిల్లు కట్టుకొనుటకును అనుమతి లభించెను. అందులకు వారు ఏటేట 3,111 రూపాయలు కప్పము చెల్లించునట్లు ఏర్పడెను.

ఆ రాతియిల్లే డేన్స్‌బోర్గ్ కోట. ఇల్లని అడిగి కోట కట్టుట ఆ కాలపు వర్తకుల కలవాటే. మచిలీపట్టణమున కూడ కొంతకాలము వర్తకశాల నడపిన డేనులు ఆ విద్యలో ఎవరికిని తీసిపోయినవారు కారు.

కోట నాలుగు ప్రక్కలను ప్రాకారముతో, చుట్టును అగడ్తతో నిర్మింపబడెను. తూర్పున సముద్రమువైపు రెండంతస్తుల మేడ. క్రింది అంతస్తున మందుగుండును, సరకులును దాచు గిడ్డంగులు. పై యంతస్తున గవర్నరు, పెద్ద వర్తకులు, మతాచార్యుడు నివసించెడివారు. ప్రార్థనామందిరము కూడ అచటనే. ప్రాకారము ననుసరించి సైనికుల గదులు, వంటశాల, చెరసాల. పై యంతస్తులోని పెద్దసాలలో నడుమ నొక స్తంభము నిలిచి, ఒంటె మూపురముల వంటి నాలుగు గుమ్మటముల బరువును మోయుచున్నది. చూచువారు తలయెత్తి చాలసేపు నిలుతురు. ఇటుక, సున్నము తప్ప ఆ కప్పులో మరేమియు లేదు.

గమనింపుడు: ఒక్క కట్టడము ఒక్కకాలముననే గిడ్డంగి, కచేరి, నివాసము, గుడి, చెర. నేడు మన ఊళ్లలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఆఫీసు వేరుగా నున్నది. ఆ దినములలో వారికి గోడలే కొదువ; కావున ఒకే గోడ అన్నిపనులు చేసెను.

ఈ కోటచరిత్రలో నాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగించు ఘట్టము గవర్నర్లది కాదు, ఎస్కిల్డ్ ఆండర్సన్ కాంగ్స్‌బక్క యను సామాన్యునిది. స్వదేశమున యుద్ధములు వచ్చి ఖజానా యెండిపోవుటచేత డెన్మార్కునుండి ఓడలు వచ్చుట నిలిచిపోయెను. 1650లో వర్తకసంఘమునే రద్దుచేసిరి. తరంగంబాడిలోని డేనులు కొందరు జ్వరములచే మరణించిరి, కొందరు వెడలిపోయిరి. 1655 నాటికి కోటలో అధికారము వహింపదగిన డేను ఇతడొక్కడే మిగిలెను. ఇతడు పెద్ద కుటుంబమునకు చెందినవాడు కాడు. చదువు కూడ లేదందురు. అతనికి జీతము పంపువారు లేరు. ఉత్తర్వు లిచ్చువారు లేరు. కోటను విడిచిపెట్టి ఏ ఓడనో ఎక్కినచో అడుగువారు కూడ లేకుండిరి.

అతడు విడువలేదు. కప్పము చెల్లలేదని నాయకుల సైన్యములు పలుమారులు ముట్టడించినను కోటను కాపాడుకొనెను. సముద్రముమీద ఓడలను పట్టి, ఆ ధనముతో గోడలను బాగుచేయించెను. ఇది మెచ్చదగిన పని కాదు, దోపిడి దోపిడియే. ఐనను ఆ ధనమును మూటగట్టుకొని పోక కోటకే వ్యయపరచె ననుట మాత్రము నిజము. ఊరిచుట్టును ప్రాకారము పెట్టించి, తంజావూరివారితో సంధి చేసికొనెను. ఇతర దేశముల ఓడలద్వారా స్వదేశమునకు వార్తలు పంపుచుండెను. కడపటి ఓడ వచ్చిన 29 ఏండ్లకు, 1669 మే నెలలో, ఫారో యను యుద్ధనౌక తరంగంబాడి రేవున లంగరు దించెను. కోటపై డెన్మార్కు పతాక మింకను ఎగురుచునే యుండెను. కాంగ్స్‌బక్కను నాయకునిగా నియమించు రాజపత్రమును ఆ ఓడ కప్తాను వెంటతెచ్చెను. అదివరకే పదునాలుగేండ్లుగా చేయుచున్న ఉద్యోగమునకు ఉత్తర్వు అప్పటికి చేరినదన్నమాట.

18వ శతాబ్దమున ఊరు పెరిగెను. రాజవీథి కిరుప్రక్కలను ఎత్తైన స్తంభములు గల వసారాలతో మేడలు లేచెను. డేనుల కొరకు 1701లో సీయోను చర్చి కట్టబడెను. 1706 జూలైలో జీగెన్‌బాల్గ్, ప్లూచౌ అను ఇద్దరు జర్మనులు మతబోధకులుగా వచ్చిరి. జీగెన్‌బాల్గ్ స్థానికులతో కలిసి మెలిసి తమిళము నేర్చెను. అది కోటలోని అధికారికి నచ్చలేదు. 1708లో అతనిని కోటలోనే చెరపెట్టి, నాలుగు నెలలకు గాని విడువలేదు. ఆ చెరనుండి వెలువడిన వ్యక్తియే పిదప తరంగంబాడిలో అచ్చుయంత్రమును నెలకొల్పి, తమిళమున గ్రంథములను ముద్రింపించెను. కాగితము చాలకపోగా సమీపమున పొరయారులో కాగితపుమిల్లు పెట్టించిరి. 1718లో క్రొత్త జెరూసలేము చర్చి లేచెను. మొదటి చర్చి నంతకు ముందే సముద్రము కబళించి యుండెను. మరుసటి యేట మరణించిన జీగెన్‌బాల్గును ఆ క్రొత్త చర్చిలోనే సమాధిచేసిరి.

1719లో ఇచటికి వచ్చిన బెంజమిన్ షుల్జ్ తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చెను. జర్మనీలోని హాలే నగరమున 1746, 1747 సంవత్సరములలో తెలుగు లిపిలో పుస్తకములను అచ్చొత్తించినవా డతడే. తెలుగు అచ్చులోనికి వచ్చిన తొలి పుస్తకములుగా పండితులు వానిని పేర్కొందురు. ఇట్లు తెలుగుకవి యగు రాజు అనుమతిచే కట్టిన రాతియింటి నీడనుండి బయలుదేరిన ఒకడు, నూటయిరువదైదేండ్లకు పిదప, తెలుగు అక్షరములను అచ్చునకు ఎక్కించెను. ఇది యాదృచ్ఛికమే, ఐనను స్మరింపదగినది.

1777లో డెన్మార్కు రాజు ఈ పట్టణపాలనను వర్తకులనుండి తానే స్వీకరించెను. గవర్నరునకు కోటలోని గదులు ఇరుకుగా తోచెను. కోటకెదురుగా మైదానపు టంచున, రాజవీథిలో, విశాలమైన బంగళా యొకటి గవర్నరు నివాసమయ్యెను. అందు నివసించిన పీటర్ ఆంకర్ 1788 మొదలు 1806 వరకు పాలించెను. దక్షిణదేశపు ఆలయములను రంగులతో చిత్రించిన కళాభిమాని అతడు. గవర్నరు వెడలినపిదప కోట సైనికులకును, సరకులకును, ఖైదీలకును మిగిలెను. ఒక కట్టడముయొక్క గౌరవము తగ్గుట సాధారణముగా ఇట్లే ప్రారంభమగును. యజమాని బయటికి పోవును. ముందుగా సరకులు, తరువాత చీకటి లోనికి వచ్చును.

ఐరోపాలో నెపోలియను యుద్ధముల కాలమున ఇంగ్లీషువారు 1801లో ఒకసారి, 1808 నుండి 1815 వరకు మరొకసారి ఈ యూరిని ఆక్రమించిరి. తిరిగి యిచ్చిరి గాని వర్తకము తిరిగి రాలేదు. తుదకు 1845లో డెన్మార్కు తరంగంబాడిని, వంగదేశమందలి శ్రీరాంపురమును పండ్రెండున్నర లక్షల రూపాయలకు ఇంగ్లీషు కంపెనీకి విక్రయించెను. 225 ఏండ్ల కథ దస్తావేజుమీద ఒక సంతకముతో ముగిసినది.

క్రొత్త యజమానులు మొదట ఊరిని ఆదరించిరి. తంజావూరు జిల్లా కలెక్టరు కచేరి 1845 నుండి 1860 వరకు ఇచటనే యుండెను. కలెక్టరుగారి బంగళా సముద్రపు గాలి తగులు చోట నుండెను. అర్జీలు పట్టుకొని రైతులు వచ్చెడివారు; పూటకూళ్లయిండ్లకు గిరాకి యుండెను. 1860లో కచేరి తంజావూరునకు మారెను. మరుసటియేడు నాగపట్టణమునుండి తంజావూరునకు రైలు నడచెను. సరకు లన్నియు ఆ దారిని పట్టెను. తరంగంబాడికి రైలు వచ్చునప్పటికి మరి అరువదేండ్లు దాటెను. రేవున ఓడ లేదు, ఊరిలో కచేరి లేదు. మిగిలినవి గోడలు మాత్రమే.

ఇక ఈ గోడలు ఏమైనవో చూతము.

గవర్నరు బంగళాకు మొదట సంభవించిన పని విచిత్రమైనది. పీటర్ ఆంకర్ చిత్రములు వ్రాసికొన్న ఇంటిని ఉప్పుకొటారు చేసిరి. తెల్లదొరల పాలనలో ఉప్పుమీద పన్ను ముఖ్యమైన ఆదాయము. దానిని నిలువచేయుటకు పెద్దగదులు కావలెను. గదులు ఖాళీగా నున్నవి. లెక్క సరిపోయినది. కాని కట్టడమునకు ఇది పెద్ద కీడయ్యెను. ఎట్లనగా, ఇటుకలో కంటికి కానరాని సన్నని రంధ్రము లుండును. ఉప్పు గాలిలోని తేమను పీల్చి కరగి ఆ రంధ్రములలోనికి ప్రాకును. ఎండకాసిన దినమున నీరు ఆరిపోవును, ఉప్పు లోననే గడ్డకట్టును. గడ్డకట్టునపు డది పెరిగి ఇటుకను లోపలినుండి నెట్టును. వానకు కరగుట, ఎండకు గడ్డకట్టుట ఏటేట సాగగా, ఇటుక ముఖము పిండివలె రాలును. మీ ఊరిలో సముద్రతీరపు పాతగోడలను వ్రేలితో రుద్దినచో ఎఱ్ఱని పొడి రాలుట చూచియుందురు. అదియే ఈ వ్యాధి. సముద్రపుగాలి బయటినుండి చేయు హానిని గవర్నరు బంగళాలో ఉప్పు లోపలినుండి కూడ చేసెను.

ఈ వ్యాధికి సిమెంటు మందని తలచువారు పెక్కుమంది. పూర్వపుగోడలు గానుగసున్నముతో కట్టినవి. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీటితో చల్లార్చి, ఇసుకతో కలిపి గానుగలో వేసి ఎద్దులచే త్రిప్పించెడివారు. ఎంత నలిగిన అంత గట్టి. నున్నని పూతకై కొన్నిచోట్ల కరక్కాయనీరు, బెల్లపునీరు, కోడిగ్రుడ్డుసొన కూడ కలిపెడివారు. ఇట్టి సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లమెల్లగా మరల రాయిగా మారును. ఐనను లోపలి తేమను బయటికి పోనిచ్చును. సిమెంటు పూత అట్లు కాదు. అది గట్టిదే, కాని తేమను లోపల బంధించును. బయటికి గోడ క్రొత్తగా కనబడుచుండగా లోపల ఇటుక క్రుళ్లును. కొన్నేండ్లకు పూత పెచ్చులుగా ఊడిపడునపుడు దానితోపాటు ఇటుక చెక్కలు కూడ ఊడివచ్చును. పాతకట్టడములకు ప్రేమతో చేసిన మరమ్మతే ఒక్కొక్కప్పుడు వానికి మృత్యువగుట ఇందువలననే. గవర్నరు బంగళాను బాగుచేయుటకు డెన్మార్కు జాతీయ ప్రదర్శనశాలవారును, మనదేశపు నిపుణులును కలిసి కొన్నేండ్లు పాటుపడిరి. పని 2011లో పూర్తియైనది.

కోటకు పట్టిన గతి ఇంత కఠినమైనది కాదు. స్వాతంత్ర్యానంతరము దానిని ప్రభుత్వము ప్రయాణికుల బంగళాగా నుంచెను. తనిఖీకి వచ్చిన అధికారులు ఒకటి రెండు రాత్రులు గడపుటకు కోట మేడలోని గదులు పనికివచ్చెను. ఒకనాడు గవర్నర్లు సుంకముల లెక్కలు చూచిన చోట కావలివాడు అధికారికి కాఫీ కాచి యిచ్చుచుండెను. ఇట్టి చరిత్రాత్మక కట్టడమును బసగా వాడుట అపచారమని కొందరందురు. నాకట్లు తోచదు. కారుచున్న కప్పుక్రింద ఏ అధికారియు నిద్రింపడు గదా! అతని నిద్రకొరకైనను కప్పు బాగుపడును, తలుపులకు గడియలు పడును, గబ్బిలములు బయటికి పోవును. 1978లో తమిళనాడు పురావస్తుశాఖవారు కోటను స్వాధీనము చేసికొని ప్రదర్శనశాలగా మార్చిరి. 2001లో డెన్మార్కులోని తరంగంబాడి సంఘము తోడ్పాటుతో ఒకసారి, 2011లో రాష్ట్ర పర్యాటకశాఖవారిచే మరొకసారి మరమ్మతులు జరిగినవి. పూర్వము చెరసాలగా నుండిన చీకటిగదిలోనికి నేడు బడిపిల్లలు టిక్కెట్టు కొని, వంగి, నవ్వుచు ప్రవేశింతురు.

కలెక్టరు బంగళా చేతులుమారి నేడు హోటలైనది. దాని విశాలమైన వసారాలో దూరదేశములనుండి వచ్చిన యాత్రికులు సముద్రమును చూచుచు కూర్చుందురు. మరియొక గవర్నరు నివసించిన ఇల్లు క్రైస్తవ కన్యల మఠమునకు చెంది, విద్యాబోధనకు ఉపయోగపడుచున్నది. జీగెన్‌బాల్గ్ నివసించిన ఇంటిని 2017లో ప్రదర్శనశాలగా తెరచిరి. చర్చీలు రెండును చర్చీలుగానే యున్నవి. గోడలను కాపాడువారిలో ప్రార్థనకు వచ్చువారు గట్టివారు. ప్రతివారము వత్తురు గావున పగులు కనబడినవెంటనే తెలియును.

వీనిలో ఏ పని మంచిది, ఏది చెడ్డది అని తూచుట సులభము కాదు. హోటలు కట్టడమును చక్కగా కాపాడును గాని ఊరివాడు దాని మెట్లెక్కి చూచు స్వేచ్ఛ తగ్గును. ప్రదర్శనశాలలో అందరకు ప్రవేశమున్నది. కాని సాయంకాలము తాళము వేసినపిదప అచట మనుష్యసంచారము లేదు. బడి యైనచో గోడలకు సిరామరకలు, మేకులు తప్పవు. అయినను ఆ గోడలమధ్య ప్రతియేడు క్రొత్తగొంతులు వినబడును. నన్నడిగినచో బడికే మొదటిచోటు నిత్తును. పెద్దలు దీనిని ఒప్పుకొనకపోవచ్చును.

2004 డిసెంబరు 26వ తేదీ ఉదయము సముద్రము ఈ యూరిపై విరుచుకుపడెను. సునామీ యను మాట అంతకుముందు ఆ తీరమున ఎవరును విని యుండలేదు. కోట నిలిచినది. కోటకు ప్రక్కనే యున్న జాలరిపల్లె నిలువలేదు. ఇండ్లు కూలినవి, పడవలు విరిగినవి, అనేకులు మరణించిరి. వారిలో పిల్లలు చాలమంది. అటుపిమ్మట సహాయము పలుచోట్లనుండి వచ్చెను. పాతకట్టడముల బాగుచేత కూడ ఆ సంవత్సరములలోనే ముమ్మరముగా సాగెను.

అప్పుడొక కష్టమైన ప్రశ్న పుట్టెను. తీరమునకు దగ్గరగా నుండుట ప్రమాదమని జాలరులలో పెక్కుమందికి సముద్రమునకు దూరముగా క్రొత్తయిండ్లు కట్టబడెను. అదే తీరమున, అంతకంటె దగ్గరగా నున్న బంగళాలను మాత్రము ఉన్నచోటనే ఉంచి బాగుచేసిరి. రాతికట్టడమును ఎత్తి దూరముగా పెట్టలేము, నిజమే. కాని జాలరికి తీరము వీథివంటిది. వల ఎండవేయుటకు, పడవను కనిపెట్టుకొని యుండుటకు, తెల్లవారుజామున గాలివాటము చూచి బయలుదేరుటకు వాని కా ఇసుక కావలెను. మూడువందల ఏండ్ల మేడకు చరిత్ర కలదని మనమందుము. అంతకంటె ప్రాచీనమైన పల్లెకు చరిత్ర కలదని చెప్పు శిలాఫలకము లేదు. వారి ఇండ్లు తాటియాకులవి, మట్టివి. ఎన్నిసార్లు కొట్టుకొనిపోయిన అన్నిసార్లు మరల కట్టుకొన్నవి. కోట ఏ వస్త్రముల వర్తకమునకై వెలసినదో ఆ వస్త్రములను నేసిన సాలెవారి ఇండ్లకును ప్రదర్శనశాల లేదు. ఊరి చరిత్ర వ్రాయువారు ఈ లోటును గుర్తింపవలసియున్నది. ఇటీవల కొందరు గుర్తించుచున్నారు కూడ.

నేడు కోటముందరి మైదానమున సాయంకాలము గాలి చల్లబడగానే జనులు చేరుదురు. ఒకనాడు సైనికులు కవాతుచేసిన ఆ నేలమీద కుఱ్ఱవాండ్రు బంతియాట లాడుదురు. శనగలమ్మువాడు, పీచుమిఠాయివాడు గంటకొట్టుచు తిరుగుదురు. డెన్మార్కునుండి వచ్చిన వృద్ధులు కొందరు తమ పూర్వుల సమాధిరాళ్లమీద పేర్లు వెదకుకొందురు. సముద్రపుటంచున పేర్చిన పెద్ద రాళ్లమీద ఊరివారు కూర్చుండి, కూలిన ఆలయభాగము ఒకప్పు డెంతదూరము ఉండెడిదో పిల్లలకు చేయిచూపి చెప్పుదురు. ఆ చేయి నీళ్లవైపే చాలదూరము పోవును.

తిరిగి వచ్చునప్పుడు మరల రాజవీథియే, మరల ఆ తెల్లని ద్వారమే. ఊరిలోని పాతకట్టడములలో పని మారనివానిలో ఇదియు నొకటి. సైకిళ్లు, చేపలగంపలు, పుస్తకపు సంచులు మోయు పిల్లలు, పెండ్లివారి కారు, అన్నియు దానిక్రిందుగనే పోవుచున్నవి. ఎదురుగా బండి వచ్చినచో ఒకరు ఆగి రెండవవారికి దారి ఇయ్యవలెను.